ఫోన్ ఎత్తే మెంటార్లు కావాలి: గోదావరి డెల్టా నుంచి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఇంక్యుబేషన్ కేంద్రాల అధికారులకు, కాలేజీల్లో స్టార్టప్ సెల్ చూసే కన్వీనర్లకు, మెంటార్లుగా పేరు నమోదు చేసుకున్న పెద్దలకు,

నమస్కారం.

మేము భీమవరం, నరసాపురం, అమలాపురం, రాజమహేంద్రవరం చుట్టుపక్కల చిన్న స్టార్టప్‌లు నడుపుకుంటున్నవాళ్లం. మాలో రొయ్యల చెరువులకి పరికరాలు చేసేవాళ్లున్నారు, పూతరేకులు పార్శిల్ చేసి అమ్మేవాళ్లున్నారు, కొబ్బరి పీచు, అరటి నార, లేసు మీద ఆధారపడ్డవాళ్లున్నారు. మాలాంటివాళ్లకి దారి చెప్పమని ఇంక్యుబేషన్ కేంద్రాలు (కొత్త వ్యాపారాలకి చోటూ సాయమూ ఇచ్చేవి), కాలేజీలు కేటాయించే సలహాదారులే మెంటార్లు. వాళ్ల ఎంపిక గురించి వేసవిలో ఒక వినతిపత్రం ఇచ్చాం. పరిశీలిస్తామన్నారు. తర్వాత దాన్ని తీసుకున్న అధికారి బదిలీ అయ్యారు. కాగితం ఎక్కడుందని అడిగితే కొత్తగా వచ్చినవారికి తెలియలేదు. అందుకే ఈసారి నలుగురికీ కనపడేలా రాస్తున్నాం. రాసే పని మిగతావాళ్లు నా నెత్తిన పెట్టారు కాబట్టి అక్కడక్కడ నా సొంత కోపం కూడా కలిసి ఉంటుంది, మన్నించాలి.

ప్రభుత్వాలు ఏమీ చెయ్యలేదని మేం అనడం లేదు. 2016 జనవరి 16న స్టార్టప్ ఇండియా మొదలైంది. 2021లో వచ్చిన సీడ్ ఫండ్ పథకం కింద నమూనా తయారీకి 20 లక్షల దాకా గ్రాంటు, మార్కెట్‌లోకి దిగడానికి అప్పు లేదా డిబెంచర్ల (కంపెనీ రాసిచ్చే అప్పు పత్రాల) రూపంలో 50 లక్షల దాకా దొరికే వీలు కలిగింది. మెంటార్లను వెతుక్కోవడానికి 2023లో కేంద్రం ‘మార్గ్’ పోర్టల్ తెచ్చింది. 2025 ఆగస్టులో అమరావతి కేంద్రంగా రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ మొదలై, దాని ఉపకేంద్రం ఒకటి రాజమహేంద్రవరానికి వచ్చింది. కింద రాసిన చేదు అనుభవాలు దానివి కావు, వేరే చోట్లవి, చాలావరకు అంతకు ముందువి. కొత్తది కుదురుకుంటున్నప్పుడే చెబితే పాతవాటి పోకడ దానికి అంటకుండా ఉంటుందని మా ఆశ.

పథకాలూ భవనాలూ వచ్చాయి. వాటి మధ్య మాకు దారి చెప్పాల్సిన మనిషి దగ్గరే వ్యవహారం చెడుతోంది. ఎలా చెడుతోందో, దానివల్ల ఎవరు నష్టపోతున్నారో చెబుతాం.

1. మెంటార్‌ని హోదా చూసి ఎంపిక చేస్తున్నారు. పెద్ద కంపెనీలో వైస్ ప్రెసిడెంట్‌గా చేశారా, విదేశాల్లో ఎన్నేళ్లున్నారు, ఇవే కొలతలు. ఆ అనుభవాన్ని మేం తక్కువ చెయ్యం. కానీ మా సరుకు కొనే మనిషిని వారు ఎప్పుడూ చూసి ఉండరు.

నా సంగతే తీసుకోండి. చెరువులో ఆక్సిజన్ తగ్గితే రైతు ఫోన్ మోగేలా చేసే పరికరం మాది. తెల్లవారుజామున డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్) బాగా పడిపోతుంది. ఆ వేళకి ఏరియేటర్లు (నీటిని చిలికి గాలి పట్టించే యంత్రాలు) తిరగకపోతే రొయ్య పైకి తేలుతుంది, పొద్దున్నకి పంట చేతికి రాదు. మాకు కేటాయించిన మెంటార్ హైదరాబాద్ నుంచి వీడియో కాల్‌లో మాట్లాడేవారు. నెలనెలా చందా పెట్టమన్నారు, పెట్టుబడిదారులకి ప్రతి నెలా ఆదాయం కనపడాలన్నారు, చందా కట్టకపోతే సేవ దానంతటదే ఆగిపోవాలని కూడా గట్టిగా చెప్పారు. అలా కాకపోతే ఫండింగ్ కమిటీ ముందుకి పంపనన్నారు.

ఆక్వా రైతు చేతికి నెలనెలా డబ్బు రాదండీ. రొయ్య పిల్ల వేసిన దగ్గర్నుంచి పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మడం) దాకా మూడు నాలుగు నెలలు పెట్టడమే పని. సాగు ఖర్చులో సగానికి పైగా మేతకే పోతుంది. ఆ మేత కూడా చాలామంది డీలర్ దగ్గర అప్పు మీదే తెస్తారు. పట్టుబడి రోజున కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో) చూసి, రేటు కట్టి, డీలర్ బాకీ తీసేశాక మిగిలిందే రైతుది. అలాంటి మనిషికి ఒకటో తారీఖు రాగానే మీ చందా గడువు ముగిసిందని ఇంగ్లిష్‌లో మెసేజ్ వెళ్లేది. ఆకివీడు దగ్గర ఒక రైతు దాన్ని బ్యాంకు వాళ్ల మెసేజ్ అనుకుని వదిలేశాడు. అలారం ఆగిపోయింది. ఆ వారంలోనే ఒక రాత్రి కరెంటు పోయింది, కాపలా కుర్రాడు లేచి జనరేటర్ వేసేసరికి ఆలస్యమైంది. మర్నాడు మేం వెళ్తే ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు. పరికరం ఊడదీసి, వైరు చుట్టి, గట్టు మీద పెట్టి ఉంచాడు. తీసుకుపొమ్మన్నాడు.

డబ్బు పంటకి ఒకసారి, పట్టుబడి అయ్యాక తీసుకోవాలని ఆ ఊళ్లో ఏ మేత డీలర్ని అడిగినా చెప్పేవాడు. మా మెంటార్ల జాబితాలో మేత డీలర్ ఒక్కడూ లేడు. ఆ మెంటార్‌కి తెలివి లేదని మా ఫిర్యాదు కాదు. ఆయన తన రంగంలో దిట్ట. ఆయన్ని చెరువుల వ్యాపారానికి కేటాయించిన పద్ధతి మీద మా ఫిర్యాదు.

2. ఒక మీటింగుకి ఒక మెంటార్. కాలేజీల్లో ఇన్నోవేషన్ కౌన్సిళ్లు 2018 నుంచి నడుస్తున్నాయి. ఏడాది పొడవునా చేసిన కార్యక్రమాలకి ఫొటోలతో సహా రిపోర్టు అప్‌లోడ్ చెయ్యాలి. దాంతో మెంటార్ అంటే ఆ ఫొటోలో మధ్యలో నిలబడే మనిషి అయిపోయారు. బొకే, శాలువా, మెమెంటో, గంటన్నర ప్రసంగం, ప్రశ్నలకి అయిదు నిమిషాలు, ఆ తర్వాత భోజనాలు. (శాలువాలు మాత్రం మంచివే కొంటారు.) చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు. మర్నాడు ఫోన్ చేస్తే ‘లింక్డ్‌ఇన్‌లో మెసేజ్ పెట్టండి’ అంటారు. పెడితే చూసిన గుర్తు పడుతుంది, జవాబు రాదు.

వచ్చిన ప్రతివారూ ఒక కొత్త దారి చూపించి వెళ్లిపోవడం ఇంకో బాధ. రావులపాలెం వైపు మాలో ఒక తమ్ముడు అరటి నారతో సంచులు చేయిస్తాడు. మొదటి మెంటార్ ఎగుమతి చెయ్యమన్నారు. రెండోవారు సంచులు వదిలేసి నార తీసే మెషిన్ తయారు చేసి అమ్మమన్నారు. మూడోవారు హైదరాబాద్‌లో షాపు పెట్టమన్నారు. ముగ్గురు చెప్పిందీ తప్పు కాకపోవచ్చు. కానీ ముందువాళ్లు నీకేం చెప్పారని ముగ్గురిలో ఒక్కరూ అడగలేదు. ఆ తమ్ముడు ప్రతిసారీ స్లైడ్లు మార్చుకుంటూ కూర్చున్నాడు. ఈలోపు నార తీసే పనికొచ్చే ఆడవాళ్లకి పని లేక మళ్లీ కూలికి పోయారు. ఇప్పుడు పిలిచినా రావడం లేదు, ఎందుకొస్తారు?

2025 ఆగస్టు 27 నుంచి రొయ్యలతో సహా మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు ఈ ప్రాంతమంతా టెన్షన్‌లో పడింది. రొయ్య రేటు ఎటు పోతుందో తెలియక రైతు ముందు ఆపేది మాలాంటి వాళ్ల పరికరాల ఖర్చే. ఉన్న ఇద్దరు కుర్రాళ్ల జీతం ఆపాలా, అప్పు తేవాలా, కొత్త ఆర్డర్లు వదులుకోవాలా అని ఎవర్నైనా అడుగుదామంటే, అంతకు ముందు వేదిక మీద ‘నేనున్నాను’ అన్నవారెవరూ లైన్లోకి రాలేదు. మెంటార్ అవసరం పడేది సరిగ్గా అలాంటి వారంలోనే.

3. ముందు ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ రిజిస్టర్ చేసెయ్యమంటున్నారు. ఇంజినీరింగ్ మూడో ఏడాది పిల్లలకి కూడా ఇదే సలహా. కంపెనీ పుడితే కాలేజీ లెక్కలో ఒక స్టార్టప్ పెరుగుతుంది. ఆ తర్వాత సంగతి ఎవరూ చెప్పరు. కంపెనీ అన్నాక వ్యాపారం జరిగినా జరక్కపోయినా ఏటా ఏఓసీ-4 (జమాఖర్చుల లెక్కలు), ఎంజీటీ-7 (కంపెనీ వార్షిక వివరాలు, చిన్న కంపెనీలకి 7ఏ) ఫారాలు ప్రభుత్వానికి వెయ్యాలి. గడువు దాటితే ఒక్కో ఫారానికి రోజుకి 100 రూపాయల అదనపు ఫీజు, దానికి గరిష్ఠ పరిమితి లేదు. రెండు ఫారాలు ఏడాది ఆలస్యమైతే 73,000. వరసగా మూడేళ్లు వెయ్యకపోతే ఆ డైరెక్టర్లు అయిదేళ్ల పాటు ఏ కంపెనీలోనూ డైరెక్టరుగా కొత్తగా చేరడానికి అనర్హులు. మూసేద్దామన్నా ముందు బాకీ ఫారాలు వెయ్యాలి, ఆపైన 10,000 ఫీజు కట్టాలి. ఉద్యోగం వచ్చి చెన్నై వెళ్లిపోయిన కొడుకు కంపెనీకి ఇక్కడ తండ్రి దాళ్వా (రెండో పంట వరి) ధాన్యం డబ్బులో నుంచి ఫీజులు కట్టడం మేం చూశాం.

పైగా 2021 సీడ్ ఫండ్ పథకం నిబంధన ప్రకారం దరఖాస్తు చేసే నాటికి కంపెనీ వయసు రెండేళ్లు దాటకూడదు. సరుకేమిటో తేలకముందే రిజిస్టర్ చేయిస్తే ఆ రెండేళ్లూ ఊరికే కరిగిపోతాయి. స్టార్టప్ గుర్తింపుకి ప్రైవేట్ లిమిటెడే కానక్కర్లేదు, రిజిస్టరైన పార్ట్‌నర్‌షిప్, ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత ఉన్న భాగస్వామ్యం) కూడా సరిపోతాయి. ఇదంతా రహస్యమేమీ కాదు, రూల్సులోనే ఉంది. పిల్లల చేత సంతకం పెట్టించే ముందు ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి కదా.

4. పేటెంట్ దరఖాస్తు పెట్టకముందే వేదికలెక్కిస్తున్నారు. కొత్త పరికరం నలుగురిలో చూపించి, అది పని చేసే తీరు వివరించేశాక దరఖాస్తు పెడితే కొత్తదనం పోయిందన్న అభ్యంతరం వస్తుంది. తాత్కాలిక వివరాలతో ముందు ఒక దరఖాస్తు పెట్టుకుంటే పూర్తి వివరాలు ఇవ్వడానికి 12 నెలల గడువుంటుంది. గుర్తింపు ఉన్న స్టార్టప్‌కి ఆన్‌లైన్‌లో ప్రభుత్వ ఫీజు 1,600 రూపాయలు, పెద్ద కంపెనీలకైతే 8,000. పదహారు వందల పని ముందు చేసుకోమని చెప్పే మెంటార్ లేక, ప్రదర్శనలో బహుమతిగా ఒక కప్పు తెచ్చుకుని, చేసిన కష్టం పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

5. సలహా వెనక సొంత బేరం. పెట్టుబడిదారుని పరిచయం చేస్తాను, అయిదు శాతం వాటా రాసివ్వమని మాలో ఒకర్ని ఒక మెంటార్ అడిగారు. ఇంకొకరు తన సాఫ్ట్‌వేర్ కంపెనీ చేతే యాప్ చేయించుకోవాలన్నారు, ఆయనే ఎంపిక కమిటీలో కూడా ఉన్నారు. కాదంటే ఏమవుతుందో అడగక్కర్లేదు. వాటా అడగడమే నేరం అని మేం అనం. స్టార్టప్‌లు ఎక్కువగా ఉన్న దేశాల్లోనూ సలహాదారులకి వాటా ఇస్తారు. అక్కడ అది సాధారణంగా ఒక శాతం లోపే ఉంటుంది, కాగితం మీద ఉంటుంది, రెండేళ్ల పాటో ఎంతో, పని చేసిన కొద్దీ కొంచెం కొంచెంగా జమ అవుతుంది. ఇక్కడ ఒక్క ఫోన్ కాల్‌కి అయిదు శాతం! రేపు నిజంగా డబ్బు పెట్టేవాడు వచ్చి వాటాల పట్టిక చూస్తే, పనిలో లేని మనిషి పేరు మీద అంత వాటా ఎందుకుందని అడుగుతాడు. ఏం చెప్పాలి?

6. ఆడవాళ్ల మాట వినపడటం లేదు. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకు అనే భౌగోళిక గుర్తింపు) వచ్చింది. దాన్ని వాడుకోవాలంటే తయారుచేసేవాళ్లు అధీకృత వినియోగదారులుగా నమోదు చేసుకోవాలి. మాలో ఒకావిడ మెంటార్‌ని అడిగింది రెండే ప్రశ్నలు: ఆ నమోదు ఎలా, రేకు విరక్కుండా బెంగళూరు దాకా పార్శిల్ వెళ్లడం ఎలా. ఆయన నలభై నిమిషాలు వాల్యుయేషన్ (కంపెనీకి కట్టే విలువ) గురించి ఇంగ్లిష్‌లో చెప్పారు. నరసాపురం లేసు అల్లేవారి కోసం పనిచేస్తున్న అమ్మాయికైతే రీల్స్ చెయ్యమని సలహా ఇచ్చారు. లేసు అల్లేవాళ్లకి దారం ఇచ్చేది ఏజెంటు, ముక్కకింత అని కూలి కట్టేది ఏజెంటు. ఆ దారానికి పెట్టుబడి ఎవరు పెడతారో తేలకుండా రీల్ ఎంతమంది చూస్తే మాత్రం అల్లేవాళ్లకి ఏం మిగులుతుంది? ఆ ప్రశ్న అడగడానికి ఆ అమ్మాయికి మాటలు రాక కాదు, సభంతా ఇంగ్లిష్‌లో నడుస్తుంటే లేచి నిలబడటానికి మొహమాటపడింది.

మరి మంచి మెంటార్ అంటే ఎవరు అని మీరు అడగొచ్చు. మేం ఒకాయన్ని చూశాం. అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారి, ఏ పోర్టల్‌లోనూ ఆయన పేరు లేదు. మాలో ఒక కుర్రాడు కొబ్బరికాయలు ఆన్‌లైన్‌లో అమ్మే యాప్ చూపించడానికి వెళ్లాడు. ఆయన ఫోన్ చేతిలోకి కూడా తీసుకోలేదట. ‘ఒరే అబ్బాయ్, కాయ దింపిన రోజున రైతుకి డబ్బు ఎవరిస్తారు? కాయ చెడితే ఎవరి ఖాతా?’ అని అడిగాడు. కుర్రాడి దగ్గర జవాబు లేదు. జవాబు ఆయనా చెప్పలేదు. కాయలు ఏరే చోటికి తీసుకెళ్లి, సైజు వారీగా కుప్పలు పోసే మనుషుల పక్కన పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చోమన్నాడు. సాయంత్రానికి ఆ కుర్రాడే యాప్‌లో సగం తీసేశాడు. జీఎస్టీ సంగతి అడిగితే ‘అది నాకు తెలీదు’ అని, తన ఆడిటర్‌కి అక్కడికక్కడే ఫోన్ కలిపి ఇచ్చాడు. మళ్లీ పది రోజులకి తనే ఫోన్ చేసి ఏమైందని అడిగాడు. చివరికి ఆయన వద్దన్న ఒక పనే ఈ కుర్రాడు చేశాడు. ‘నీ వ్యాపారం, నీ ఇష్టం. రేపు దెబ్బ తగిలితే చెప్పడానికి మొహమాటపడకు’ అన్నాడట. మేం అడిగేది ఇంతకన్నా గొప్ప మనిషిని కాదు.

అందుచేత మా డిమాండ్లు ఇవి.

1. మెంటార్ అనే పేరు పెట్టుకున్నవారు ఒక స్టార్టప్‌కి కనీసం ఆరు నెలలు, నెలకి రెండుసార్లు సమయం ఇస్తామని ముందే రాసివ్వాలి. అందులో ఒక్కసారైనా పని జరిగే చోటికి రావాలి, చెరువైతే చెరువు గట్టుకి, రాత్రి పనైతే రాత్రికే. అంత తీరిక లేనివారిని అతిథి వక్తలుగా పిలవండి, గౌరవిస్తాం. మెంటార్ల లెక్కలో మాత్రం చూపించకండి.

2. జాబితాలోకి ఇక్కడి వ్యాపారం తెలిసినవాళ్లని తీసుకోండి: మేత డీలర్లు, హేచరీ (రొయ్య పిల్లల్ని తయారుచేసే కేంద్రం) టెక్నీషియన్లు, కొబ్బరి వ్యాపారులు, కడియం నర్సరీల వాళ్లు, అప్పులు ఇచ్చి వసూలు చేసిన రిటైర్డ్ బ్యాంకు మేనేజర్లు. డిగ్రీ నిబంధన తీసెయ్యండి. వాళ్ల పని గంటలకి డబ్బు ఇవ్వండి, బయటినుంచి వచ్చేవారికి విమానం టికెట్లు కొనడానికి డబ్బు ఉండి, దీనికే లేదంటే నమ్మలేం. బయటి నిపుణులు కూడా కావాలి. పరికరం డిజైన్, ఎగుమతి నిబంధనలు, పెట్టుబడి ఒప్పందాలు లాంటివి ఇక్కడివాళ్లకి తెలియవు. ఒక్కో స్టార్టప్‌కి బయటి మనిషి ఒకరు, స్థానికులు ఒకరు ఉండాలి, వాళ్లిద్దరూ నెలకొకసారి ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి.

3. మెంటార్‌ని మేమే ఎంచుకునే వీలుండాలి. నచ్చకపోతే కారణం చెప్పకుండా మార్చుకునే హక్కు ఉండాలి. మార్చుకున్నందుకు ఫండింగ్ ఆగకూడదు.

4. మెంటార్‌కి ఆ స్టార్టప్‌లో వాటా గానీ, దానికి అమ్మే సేవ గానీ, పోటీ కంపెనీతో సంబంధం గానీ ఉంటే ముందే రాతపూర్వకంగా చెప్పాలి. అలాంటివారు ఎంపిక కమిటీలో కూర్చోకూడదు. మేం చెప్పిన లెక్కలు, డిజైన్లు బయటికి పోకూడదు.

5. రిజిస్ట్రేషన్, పేటెంట్, వాటా, ఈ మూడింటికీ సంతకం పెట్టే ముందు తెలుసుకోవాల్సినవి ఒక్క పేజీలో, తెలుగులో అచ్చు వేసి మొదటి రోజే ఇవ్వండి.

6. సమావేశాలు తెలుగులో జరపండి. ఇంగ్లిష్ మాటలు దొర్లితే ఇబ్బంది లేదు, మేమూ వాడతాం. వేళలు ఆడవాళ్లకి వీలుగా చూడండి, మాసూళ్ల (పంట కోతలు, నూర్పిళ్ల) రోజుల్లో పెట్టకండి.

7. ఆరు నెలలకొకసారి ప్రతి మెంటార్ మీద మా అభిప్రాయం తీసుకోండి, రాసినవారి పేరు బయటపడకుండా. ఎవరు ఎన్నిసార్లు కలిశారో, ఎన్ని స్టార్టప్‌లు మధ్యలో ఆగిపోయాయో, ఎందుకు ఆగాయో అందరికీ తెలిసేలా ప్రకటించండి. ఇప్పుడు మొదలైనవాటి లెక్కే కనిపిస్తోంది.

మెంటార్లుగా ఉన్న పెద్దలకి విడిగా ఒక మనవి. మీలో చాలామంది పైసా తీసుకోకుండా వస్తున్నారని మాకు తెలుసు. మాకు తెలియని విషయం మీకు తెలిసినప్పుడు నిర్మొహమాటంగా చెప్పండి, తిట్టినా పడతాం. మీకు తెలియని చోట తెలియదనండి, మాకు మీ మీద గౌరవం పెరుగుతుందే గానీ తగ్గదు. ఇది నా అనుభవం, ఇది నా ఊహ అని విడదీసి చెప్పండి. మీ ఊహ నమ్మి మేం తాకట్టు పెట్టేది అమ్మ మెడలోది.

వచ్చే జనవరి 16న నేషనల్ స్టార్టప్ డే సభలు పెడతారు. ఆ లోపు పై ఏడింటిలో ఏది ఒప్పుకుంటారో, ఏది కుదరదో, కుదరనిదానికి కారణమేమిటో రాతపూర్వకంగా జవాబు కోరుతున్నాం. జవాబు రాకపోతే ఆ రోజు సభలకి మేం వస్తాం, కానీ స్టాళ్లు పెట్టం, ఫొటోల్లో నిలబడం. మాతో పాటు మా సరుకు కొన్న రైతులు, మా దగ్గర పనిచేసి మానేసినవాళ్లు కూడా వస్తారు. వాళ్లకి మాట్లాడటానికి మైకు ఇవ్వండి.

ఇట్లు,
గోదావరి డెల్టాలో స్టార్టప్‌లు నడుపుకుంటున్న కొందరం